ఊటను బట్టే తోడాలి



నేను గుజరాత్‌లోని మెహసానా చమురు క్షేత్రంలో పనిచేశాను. అక్కడి దూలం పంపులను చూస్తే మన ఏతాలే గుర్తొస్తాయి. బావిలో చమురు ఊట తగ్గితే పంపు సగమే నిండుతుంది. దిగే ప్లంజరు చమురును గుద్దుకుని కడ్డీలు విరుగుతాయి. అందుకే స్ట్రోకు పొడవు తగ్గిస్తాం. యంత్రం ఆపి, బ్రేకు వేసి, క్రాంకులను గొలుసులతో బిగించాకే చేయి పెట్టాలి. లేకుంటే టన్నుల బరువు కదిలి ప్రాణం తీస్తుంది. రెండు వైపులా పిన్నులను లోపలి రంధ్రాల్లోకి మారుస్తాం. ఎదురు బరువును, కింద ప్లంజరు ఆగే చోటును మళ్లీ సరిచూస్తాం.

వాయల్పాడు రైతుకు ఇది తెలిసిన నీతే: ఊట ఎంతో, తోడేదీ అంతే. బోర్లు ఎండుతున్న మన సీమలో పిల్లలకు ఈ పాఠం తప్పక చెప్పండి.