మతాంతర వివాహములు – సాక్షిధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయములో భారతము, బైబిలు, ఖురాను ఒకే బీరువాలో ప్రక్కప్రక్కన నిలచియున్నవి. అవి ఏనాడును పోట్లాడుకొనలేదు. వానిని చదువుకొను ఇండ్లలోని పిల్లలు ఒకరినొకరు కోరుకొన్నపుడు మాత్రము ఊరు రెండుగా చీలుచున్నది. ఒంగోలు కళాశాలకు పోవు బస్సులోనో, మిరపకోతల చేలలోనో, ఆసుపత్రి కొలువులోనో పరిచయము కలుగును. అది ప్రేమయగును. ఆ మాట రచ్చబండమీద గుసగుసలుగా నడచునే కాని సభలో ఎవ్వరును ఎత్తరు. గుసగుసలుగా నడచిన మాట పగగా ముదురును. సభలో చెప్పిన మాట విచారణకు నిలచును. కావుననే రజతోత్సవవేళ ఈ విషయము ఎన్నుకొనబడినది.

మొదట మన పురాణములను విచారింతము. శకుంతల కథ తెలియని తెలుగువారు అరుదు. నాటకములోని ఉంగరపు కథ వేరు. నన్నయభట్టారకుడు ఆదిపర్వమున తెనిగించిన భారత కథ వేరు. భారతములో ఉంగరము లేదు, ముని శాపము లేదు. కణ్వుని ఆశ్రమమున దుష్యంతుడు ఆమెను గాంధర్వవిధిని పెండ్లాడెను. పిమ్మట ఆమె కుమారుని వెంటబెట్టుకొని నిండుసభకు రాగా, నిన్నెఱుగననెను. మఱచి అన్నమాట కాదు, ఎఱిగియే అనెను. ఆ పెండ్లికి వారిద్దఱు తప్ప మూడవ మనిషి సాక్షి లేడు. లోకులు నిందింతురని రాజు భయపడెను. తుదకు ఆకాశవాణి పలికి సాక్ష్యమిచ్చినపిదపనే ఆమె భార్యయయ్యెను, బాలుడు భరతుడయ్యెను. ఇందలి నీతి స్పష్టము. ప్రేమ లేకపోవుటచేత శకుంతలకు కష్టము కలుగలేదు; సాక్షి లేకపోవుటచేత కలిగెను. ఆ కష్టమును అనుభవించినది రాజు కాదు, స్త్రీయు బిడ్డయు.

రెండవది ఉషాపరిణయము. ఒంగోలుకు చేరువనున్న అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవియై వెలసిన ఎఱ్ఱాప్రెగ్గడ హరివంశమును తెనిగించెను. అందలి కథానాయిక ఉష బాణాసురుని కూతురు. బాణుడు శివభక్తుడు. ఆమె వలచిన అనిరుద్ధుడు శ్రీకృష్ణుని మనుమడు. తండ్రి ఆ పిల్లవానిని నాగపాశములతో బంధించెను. కృష్ణుడు సేనతో వచ్చెను. బాణుని పక్షమున శివుడే నిలచెను. ఇద్దఱు పిల్లల వలపునకై హరిహరులు కత్తులు దూసినంత పనియయ్యెను. కాని కథ ఎట్లు ముగిసెను? బాణుని ప్రాణము నిలచెను, హరిహరులకు మైత్రి కుదిరెను, పెండ్లి జరిగెను. పెద్దలు పోరాడినపుడు పిల్లలు చెఱలో ఉండిరి. పెద్దలు సాక్షులైనపుడు ఉష కోడలయ్యెను.

పురాణములను విడిచి మన నేలకు వత్తము. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. అప్పుడు ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును కాంట్రాక్టుగా తీసుకొని, అన్నము లేని వేలమందికి పని చూపెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అట్టి కాలమునుండి ఈ ప్రాంతపు పల్లెలలో ఒకే వంశమునందు ఒకరు ప్రభువును, ఒకరు పోలేరమ్మను కొలుచుట క్రొత్త కాదు. దూదేకుల సాహెబు ఏకిన దూదితో పఱుపు కుట్టింపనిదే ఒకప్పుడు పెండ్లిసారె నిండెడిది కాదు. పీర్ల పండుగకు హిందువులును మ్రొక్కుకొందురు. వ్యవసాయములో, బేరములో, పండుగలో కలసిన చేతులు పెండ్లిపీటలయొద్ద మాత్రము వెనుకకు పోవుచున్నవి.

అట్లు వెనుకకు పోని జంట ఒకటి ఈ నేలమీదనే ఉండెను. వినుకొండలో యాదవ కులమున పుట్టిన వీరయ్యయు, మాదిగ కులమున పుట్టిన లింగమ్మయు దంపతులైరి. కులాంతరమైన ఆ పెండ్లివలన వారి ఇంటికి పేదఱికముతోపాటు అవమానమును అబ్బెను. వారు తమ బిడ్డలను క్రైస్తవులుగా పెంచిరి. 1895 సెప్టెంబరు 28న పుట్టిన వారి కుమారుడే గుఱ్ఱము జాషువ మహాకవి. ఆయనను ఒకవంక అంటరానివాడనిరి. మఱొకవంక క్రైస్తవుడై హిందూ పురాణగాథలు వ్రాయుట ఏమని నిందించిరి. రెండిండ్ల బిడ్డకు రెండు వాకిళ్లును మూసిన కాలమది. ఆయన మాత్రము రెండిటిని కవిత్వముతో తెఱచెను. 1941లో వెలువడిన గబ్బిలములో గుడిలోనికి పోరాని పేదవాడు కాశీవిశ్వేశ్వరునకు గబ్బిలముచేత సందేశమంపును. అదే కలము క్రీస్తుచరిత్రమును వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును గెలుచుకొనెను. 1970లో పద్మభూషణ బిరుదము వచ్చెను. వినుకొండ పెద్దలు వీరయ్య లింగమ్మల పెండ్లిని ఆపగలిగియుండిన ఏమి జరిగెడిదో తెలుగువారు ఒక్కమారు ఆలోచించవలెను.

పేదయింట జరిగినది ఇది. ధనమును అధికారమును ఉన్నచోట ఇట్టి ప్రేమకు రక్షణ దొరకునా? హైదరాబాదు చరిత్ర ఇందులకు సమాధానము చెప్పును. జేమ్సు అకిలీస్ కిర్కుపాట్రికు నైజాము కొలువులో ఆంగ్లేయ రెసిడెంటు. ఖైరున్నీసా బేగము దర్బారులోని గొప్ప వంశపు కన్య. ఆమెకొఱకు ఆయన ఇస్లాము స్వీకరించి, సుమారు 1800లో రహస్యముగా నిఖా చేసికొనెను. తరువాత కోఠీ మహిళా కళాశాలకు నెలవైన రెసిడెన్సీ భవనమును కట్టించినవాడు ఆయనయే. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అను ఇద్దఱు బిడ్డలు కలిగిరి. కాని ఆ పెండ్లిని ఆంగ్లేయుల చట్టము పెండ్లిగా ఎన్నడును వ్రాసికొనలేదు. 1805లో చిన్నపిల్లలిద్దఱిని ఓడయెక్కించి ఇంగ్లండునకు పంపిరి. ఆ సంవత్సరమే అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించెను. ఇంగ్లండులో బిడ్డల పేర్లు మాఱెను, మతము మాఱెను. తల్లి వారిని మఱల చూడకయే 1813లో కన్నుమూసెను. కూతురు పెరిగి పెద్దదై, దాదాపు నలువదేండ్లు కావచ్చినపుడు హైదరాబాదులోని అమ్మమ్మకు ఉత్తరము వ్రాయగలిగెను. అంతవఱకు ఇరువైపుల కన్నీటికి దారి లేదు. రాజప్రతినిధికి భవనము కట్టించు శక్తి ఉండెను. తన పెండ్లికి నలుగురెదుట సాక్ష్యము కట్టించు శక్తి లేకపోయెను.

ఈ లోపమును పూరించుటకే చట్టములు పుట్టినవి. 1872లో వచ్చిన వివాహచట్టము ప్రకారము వేఱు మతములవారు పెండ్లాడవలెనన్న, తాము హిందువులము కాము, క్రైస్తవులము కాము, ముసల్మానులము కామని వ్రాసి ఇయ్యవలసియుండెను. ప్రేమకొఱకు ఉన్న దేవుని కాదనవలెను. 1923లో హిందూ, బౌద్ధ, సిక్కు, జైనుల పరస్పర వివాహములకు ఆ నిర్బంధము తొలగినది. స్వాతంత్ర్యము వచ్చినపిదప 1954లో ప్రత్యేక వివాహచట్టము చేయబడి 1955 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. దీనిప్రకారము ఎవరి మతము వారిదే. వరునకు 21, వధువునకు 18 సంవత్సరములు నిండవలెను. ఇద్దఱిలో ఒకరైనను ముప్పది దినములు నివసించిన జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇయ్యవలెను. ఆ నోటీసు ముప్పది దినములు కార్యాలయమున అంటింపబడును. బ్రదికియున్న భార్యయో భర్తయో ఇదివఱకే ఉండుట, వయస్సు చాలకుండుట, సమ్మతి తెలుపు స్థితి లేకుండుట, నిషిద్ధమైన దగ్గఱి బంధుత్వముండుట – ఈ కారణములకే ఆక్షేపణ చెల్లును. మతము వేఱు, కులము వేఱు అను ఆక్షేపణకు అందు తావులేదు. తుదకు వధూవరులు అధికారియెదుట, ముగ్గురు సాక్షులయెదుట తమకు తెలిసిన భాషలో ఒకరినొకరు స్వీకరించినట్లు చెప్పి సంతకములు చేయుదురు. ఆకాశవాణి చేసిన పనిని నేడు ముగ్గురు మనుష్యులు చేయుచున్నారు.

చట్టము తెలియనిచో నష్టమెంతయో చూడుడు. గుడిలో తాళి కట్టినంతమాత్రమున అన్ని పెండ్లిండ్లును చెల్లవు. హిందూ వివాహచట్టము (1955) ఇరువురును ఆ చట్టము క్రిందికి వచ్చినపుడే వర్తించును. క్రైస్తవ వరుడు హిందూ వధువునకు గుడిలో తాళి కట్టి, దానిని ఆ చట్టము క్రింద నమోదు చేయించినను అది వివాహము కానేరదని 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము మన ఆంధ్రదేశమునుండి పోయినదే. క్రైస్తవ వివాహచట్టము (1872) మాత్రము ఇద్దఱిలో ఒక్కరు క్రైస్తవులైనను చాలునని చెప్పుచున్నది. ఈ తేడా తెలియక తాళినో ఉంగరమునో నమ్మి మోసపోవునది తఱచుగా ఆడపిల్లయే.

ఆస్తి మాటయు చెప్పవలెను. ఏలయన చాల ఇండ్లలో మతముపేర జరుగు కలహపు వేరు భూమిలో ఉండును. ఉమ్మడి హిందూ కుటుంబమువాడు అన్యమతస్థురాలిని 1954 చట్టముప్రకారము పెండ్లాడినచో కుటుంబమునుండి వేఱుపడినట్లు లెక్క. వేఱుపడుట వేఱు, వాటా పోవుట వేఱు. మతము మాఱినను, కులము విడిచినను ఆస్తిహక్కు పోదని 1850 చట్టమే చెప్పినది. పిల్లలకు వారసత్వము 1925 నాటి భారతీయ వారసత్వచట్టము ననుసరించి సంక్రమించును. కావున వాటా ఎగురగొట్టుటకు మతమును అడ్డుపెట్టుట ధర్మమును కాదు, చట్టమును కాదు.

చట్టము చేయబడకముందే సాక్షులుగా నిలచిన పెద్దలు తెలుగునాట ఉండిరి. బ్రాహ్మణ కుటుంబమున పుట్టి నాస్తికుడైన గోపరాజు రామచంద్రరావు, గోరాగారు, తన కుమార్తె మనోరమను అర్జునరావు అను దళిత యువకునకిచ్చి చేయ నిశ్చయించిరి. ఆ పెండ్లిని సేవాగ్రామములో తామే జరిపింతుమని గాంధీమహాత్ములు అంగీకరించిరి. దేవుని నమ్మని కుటుంబము కదాయని, ప్రమాణములో దేవునిపేరునకు బదులు సత్యముపేర అని మార్చుటకును సమ్మతించిరి. 1948 జనవరి 30న మహాత్ములు హతులైరి. ఐనను ఆ మార్చిలో సేవాగ్రామముననే వివాహము జరిగెను. 1960లో గోరాగారి కుమారుడు లవణము జాషువాగారి కుమార్తె హేమలతను పెండ్లాడెను. నాస్తికుని కొడుకునకు క్రైస్తవ కవి కూతురు ఇల్లాలయ్యెను. ఆ దంపతులు ఇంటిలో సుఖముగా కూర్చుండలేదు. చీరాల బాపట్లల నడుమనున్న స్టూవర్టుపురములో నేరస్థులని ముద్రపడిన కుటుంబములను మంచిత్రోవకు తెచ్చుటకును, నిజామాబాదు ప్రాంతమున జోగిని దురాచారమును రూపుమాపుటకును పాటుపడిరి. వినుకొండలో వెలివేయబడిన ఇంటి మనుమరాలు వెలివేయబడినవారి చెంతకే పోయెను.

పెద్దల భయములు అన్నియు దుర్మార్గములని చెప్పుట న్యాయము కాదు. బిడ్డకు ఏ పేరు పెట్టుదురు? ఏ పండుగ చేయుదురు? చచ్చిన తరువాత దహనమా, ఖననమా? ఇవి నిజమైన ప్రశ్నలు. పెండ్లికి ముందే వీనిని అడుగవలెను, సమాధానము వినవలెను. మతము మాఱనిదే పెండ్లి లేదని ఒకరినొకరు నిర్బంధించుట ప్రేమ కాదు, బేరము. తన మతమును, వయస్సును, పూర్వవివాహమును దాచువాడు ప్రేమికుడు కాడు, వంచకుడు. ఈ మాటలు పిల్లలును చెవినిడవలెను.

కాని అడుగుట వేఱు, అడ్డుట వేఱు. వయస్సు వచ్చిన ఇద్దఱు సమ్మతించినచో కుటుంబముగాని, కులముగాని, పంచాయతిగాని అడ్డురాగూడదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పునిచ్చెను. ఆ తీర్పు వచ్చిన తరువాతను తెలుగు నేలమీద ఇట్టి పెండ్లిండ్లకై రక్తము చిందినది. చంపించినవారిలో హిందువులును గలరు, ముసల్మానులును గలరు. పరువుకొఱకు అనిరి. కూతురు విధవ యగుటలో ఏ పరువు నిలచునో ఏ శాస్త్రమును చెప్పలేదు. కార్యాలయపు గోడపై అంటించిన నోటీసు లోకమునకు సాక్ష్యము కావలసినది. అది వేటగానికి జాడయగుచున్నందున జంటలు ఊరు విడిచి దూరదేశములకు పాఱిపోవుచున్నారు. అక్కడ ముక్కుమొగము తెలియనివారు సాక్షిసంతకములు చేయుచున్నారు.

ఈ గ్రామమునకు ఈ సభ చేయు విన్నపము పెద్దది కాదు. ఊరివారందఱును ఇట్టి పెండ్లిండ్లు చేయవలెనని ఎవ్వరును కోరుటలేదు. నచ్చనివారు విందునకు రాకుండుట వారి యిష్టము. కాని ఆ కాగితముమీద మూడు సంతకములు కావలెను. వానిలో ఒక్కటి మేనమామదో, ఊరిపెద్దదో, చదువు చెప్పిన పంతులుగారిదో అయినచో, ఆ ఆడపిల్ల రేపు ఏ సభలోనైనను శకుంతలవలె ఒంటిగా నిలువవలసిన పని ఉండదు. ఆమె బిడ్డకు నీవెవరి బిడ్డవను ప్రశ్న ఎదురుకాదు. సంతకము చేసిన చేయి ఆమె వెనుక నున్నదని తెలిసినవాడు కత్తి యెత్తుటకు ముందు రెండుమార్లు ఆలోచించును.

ఈ గ్రంథాలయ పాలకవర్గమువారు 1954 నాటి చట్టమును తెలుగున అచ్చువేసిన ప్రతి నొకదానిని భారతము, బైబిలు, ఖురానుల సరసన ఉంచవలెనని ప్రార్థన. పిల్లలు దానిని చాటుగా కాక, ఈ బల్లలయొద్ద, పెద్దల కన్నులయెదుట చదువుకొను దినము వచ్చినపుడు ఈ రజతోత్సవము సార్థకమగును.