వలస వీసా: వరుస తెలిసి మసలుకొందము

(సత్యవేడు పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



అమెరికాలోనున్న అన్న అర్జీ పెట్టినంతనే తమ్ముని ప్రయాణము సిద్ధమైనదని మన గ్రామములలో తలంచువారు కలరు. కాని వలస వీసాకు వరుస కలదు. 1990 నాటి అమెరికా చట్టము ఏటా కుటుంబ తరగతులకు కనీసము 2,26,000, ఉద్యోగ తరగతులకు సుమారు 1,40,000 వీసాలను నిర్ణయించినది. సాధారణముగా ఏ ఒక్క దేశమునకును ఇందు 7 శాతమునకు మించి చెందవు. మన దేశమునుండి కోరువారు అధికులగుటచే నిరీక్షణ దీర్ఘమగుచున్నది.

పౌరుని భార్యకు, 21 ఏండ్లు నిండిన పౌరుని తలిదండ్రులకు ఈ పరిమితి లేదు. తోబుట్టువులు మాత్రము పదిహేనేండ్లకు పైగా వేచియుండవలసి వచ్చుచున్నది. ఈలోగా బిడ్డకు 21 ఏండ్లు నిండినచో తలిదండ్రుల వెంట పోవు అవకాశము తప్పిపోవచ్చును.

కుటుంబ వీసాకు అర్జీ దాఖలైన తేదీయే వరుసలో స్థానము. వరుస ఏ తేదీవరకు వచ్చినదో అమెరికా విదేశాంగ శాఖ ప్రతి మాసము ‘వీసా బులెటిన్’లో ప్రకటించును. సొమ్ము తీసుకొని ఆ తేదీని ముందుకు జరుపుట ఏ దళారికిని సాధ్యము కాదు. వాని మాట నమ్మి చేను తాకట్టు పెట్టినచో, చేనును పోవును, వరుసయు కదలదు.

కావున అర్జీ రసీదును భద్రపరచుకొనుడనియు, వరుస రాకమునుపు భూమిని అమ్మవలదనియు మన ఊరివారికి మనమే చెప్పుదము.