ఉడుము కాని ఉడుము



నాలుగేళ్ల క్రిందట ఒక ఆదివారం పొద్దున తిరుత్తణి బజారులో కూరగాయలు కొంటున్నాను. అరటికాయల అంగడి పక్కన జనం గుంపు కట్టి ఉన్నారు. తొంగి చూస్తే మధ్యలో నా పాత విద్యార్థి ఒకడు! వాడి భుజం మీద తోకతో కలిపి రెండు మూరల పొడవున్న ఆకుపచ్చని జంతువు. వీపున రంపపు పళ్ల వంటి ముళ్లు, గొంతు కింద వేలాడే తోలు తిత్తి. "ఉడుమురా" అని ఒకరు, "ఉడుంబు, ఉడుంబు" అని తమిళంలో ఇంకొకరు. ఒక పెద్దాయన "ఉడుమును పట్టడం నేరం కదా, ఫారెస్టు వాళ్లకు కబురు పెట్టండి" అంటున్నాడు. వాడు నన్ను చూసి ప్రాణం లేచి వచ్చినట్టు "సార్, మీరైనా చెప్పండి సార్, ఇది ఉడుము కాదు, ఇగ్వానా" అన్నాడు.

చెప్పాను, రెండు భాషల్లోనూ చెప్పాను. మన ఉడుము మాంసం తింటుంది. ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికా అడవుల నుండి వచ్చింది, ఆకులే దాని తిండి. పెద్దాయన నమ్మినట్టు లేదు గానీ జనం చెదిరిపోయారు. ఆ రోజు నుండి ఆ జంతువు సంగతి, దాని పిల్లల అమ్మకం సంగతి నేను దగ్గర ఉండి చూస్తూ వచ్చాను. ఈనాటి నా ప్రసంగం అదే.

వాడు 2019లో చెన్నైలో ఒక జత ఇగ్వానా పిల్లలను కొన్నాడు. అప్పటికి జానెడు కూడా లేవట. ఇంటి మిద్దె మీద ఇనుప వలతో చిన్న గది కట్టాడు. మునగాకు, అవిసాకు, మందార పువ్వులు, గుమ్మడికాయ తురుము తిండిగా పెట్టేవాడు. పాలకూర ఎక్కువ పెట్టకూడదని, అది ఒంట్లోని సున్నాన్ని పట్టేస్తుందని తెలుసుకున్నాడు. ఎండ తగలని ఇగ్వానాకు ఎముకలు మెత్తబడి దవడ వాచిపోతుంది. వానాకాలంలో ఎండ రాదని అతినీలలోహిత కిరణాల దీపం కొన్నాడు. వాళ్లమ్మ ఒకనాడు నాతో మొర పెట్టుకుంది: "ఏం చెప్పేది సార్, పొద్దస్తమానం ఆ బల్లికి ఆకులు కోస్తా ఉండాడు. ఇంట్లో కరెంటు బిల్లు చూస్తే కళ్లు తిరగతా ఉండాయి."

మూడేళ్లకు ఆడది గుడ్లు పెట్టింది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అసలు కష్టం, సంతోషం రెండూ ఇక్కడే ఉన్నాయి. ఇగ్వానా గుడ్డు పెంకు కోడిగుడ్డు పెంకులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. తవ్వుకోవడానికి తడి ఇసుక దొరకకపోతే తల్లి గుడ్లు పెట్టలేక కడుపులోనే ఉంచుకుని చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది. మావాడు ఒక పాత నీళ్ల డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి సగానికి ఇసుక నింపాడు. అందులో ముప్పైకి పైగా గుడ్లు పెట్టింది. వాటిని థర్మోకోల్ పెట్టెలో తడిపిన కొబ్బరిపొట్టులో ఉంచి సుమారు ముప్పై డిగ్రీల వేడిలో కాపాడాలి. కోడి తన గుడ్లను దొర్లిస్తుంది గదా, వీటిని మాత్రం పెట్టినప్పుడు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచాలి. దొర్లిస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు. వాడు ఒక్కో గుడ్డు మీద పెన్సిలుతో గీత గీశాడు. రెండున్నర నెలలు దాటిన తరువాత ఒక రాత్రి నాకు ఫోను, "సార్, ముక్కు బయట పెట్టింది సార్!" మర్నాడు నేను వెళ్లేసరికి చిలకపచ్చ రంగు పిల్లలు ఇరవై దాకా పెట్టె అంచున తలలెత్తి కూర్చుని ఉన్నాయి. నా సర్వీసులో ఎన్ని పాఠాలు చెప్పి ఉంటానో గానీ అటువంటి పాఠం నేను చెప్పలేదు, వాడు నాకు చెప్పాడు.

ఆ ఏడు పిల్లలన్నీ రెండు నెలల్లో అమ్ముడుపోయాయి. పెట్టిన ఖర్చు చేతికి వచ్చింది, వాళ్లమ్మకు ఒక మిక్సీ కూడా వచ్చింది. మరుసటి ఏడు మళ్లీ గుడ్లు, మళ్లీ పిల్లలు. ఈసారి ధర సగానికి దిగింది. ఆ తరువాతి ఏడు ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు కరవయ్యాడు.

ఎందుకిలా జరిగిందో లెక్క వేసి చూడండి. మొదటి ఏడు కొన్నవాళ్లలో చాలామంది జత కొన్నారు. ఆ జతలు పెరిగి ఏడాదికి తలా ముప్పై గుడ్లు పెట్టడం మొదలుపెడితే? కొన్నవాడే అమ్మేవాడు అవుతాడు. పాలు కొనేవాడు రేపు మళ్లీ పాలు కొంటాడు. ఇగ్వానా కొన్నవాడు పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు మళ్లీ కొననక్కర లేదు, అది అంతకాలం బతుకుతుంది. కొళత్తూరులో రంగు చేపలు అమ్మేవారికి ఈ చిక్కు అంతగా లేదు. చేప ఆయువు తక్కువ, తొట్టి చవక, పిల్లవాడు మారాం చేస్తే మళ్లీ ఇంకో జత కొంటారు.

ఇది మన ఊళ్లోనే జరిగింది కాదు. అమెరికాలో బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువను ఇళ్లలో పెంచుతారు. 1992లో అక్కడ మొదటిసారి తెల్లని రకం పిల్లలను పుట్టించారు. అప్పుడు ఒక్కో పిల్ల వేల డాలర్లకు పోయింది. ఆ తెలుపు మెండెల్ సూత్రం ప్రకారం దాగి ఉండి పైకి వచ్చే గుణం. ఆ సూత్రం తెలిసిన ప్రతివాడూ పుట్టించగలిగాడు. ఈనాడు ఆ ధరలో చిన్న భాగం కూడా పలకదు. ధర పడినకొద్దీ కొత్త రంగు కోసం వెంపర్లాట. అట్లా పుట్టించిన వాటిలో 'స్పైడర్' అనే రకం అందంగా ఉంటుంది గానీ, ఆ రంగుతో పాటే తల వణుకు కూడా పుట్టుకతో వస్తుంది.

నిపుణులకు కూడా ఈ బాధ తప్పలేదు. మహాబలిపురం దగ్గరి మద్రాసు మొసళ్ల బ్యాంకు 1976లో మొదలైంది. మగ్గర్ మొసళ్లు అంతరించిపోతున్నాయని పిల్లలను పుట్టించారు, అవి దివ్యంగా పెరిగాయి. తరువాత వాటిని విడిచిపెట్టే చోటు లేక బ్యాంకు కిక్కిరిసిపోయింది. చివరకు వెయ్యి మొసళ్లను గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు పంపే ఏర్పాటు చేయవలసి వచ్చింది.

ఇకపోతే కాగితాల సంగతి. విదేశీ జంతువులను ఇంట్లో ఉంచుకున్నవారు స్వచ్ఛందంగా వెల్లడించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020 జూన్‌లో చెప్పింది. మావాడు వెల్లడించాడు, అది వాడి అదృష్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని జంతువులకు చట్టంలో నాలుగో షెడ్యూలు ఏర్పడింది, ఇగ్వానా అందులోదే. 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. జంతువు ఉన్నవారు పరివేష్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా నమోదు చేయించాలి, పిల్లలు పుట్టినా, చచ్చినా, చేతులు మారినా తెలపాలి. కాగితం లేకుండా కొన్న జంతువు ఎంత చవకైనా కొనకండి. బ్యాంకాకు నుండి సూట్‌కేసులలో కుక్కి తెచ్చిన పాములు, బల్లులు చెన్నై విమానాశ్రయంలో ఎన్నిసార్లు పట్టుబడ్డాయో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పట్టుబడకుండా బయటపడినవి ఎక్కడికి పోతాయంటారు?

ఇప్పుడు చెప్పబోయే మాట కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. పిల్లలు అమ్ముడుపోని ఆ ఏడు ఒక వ్యాపారి వాడి దగ్గరకు వచ్చాడు. "నీ పిల్లలన్నీ నేను తీసుకుంటాను. బదులుగా నగరి కొండల వైపు నుండి నక్షత్ర తాబేళ్లు తెచ్చి పెట్టు, తాబేలుకు ఇంత అని రొక్కం ఇస్తాను" అన్నాడు. ఆ రాత్రే వాడు మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ పెట్టిన ఉప్మా కూడా ముట్టలేదు.

నక్షత్ర తాబేలు మీలో చాలామంది చూసే ఉంటారు. చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు ముళ్ల పొదల్లో వానలు పడగానే బయటికి వస్తుంది. నల్లని డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. ఆ అందమే దానికి శత్రువు. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో దాన్ని అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలోకి చేర్చారు, అంటే దేశాల మధ్య వ్యాపారం పూర్తిగా నిషేధం. మన చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది. పట్టినా, అమ్మినా మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు. ఇంట్లో పుట్టిందన్నా సరే, అమ్మే వీలు లేదు. నా చిన్నతనంలో మా పెరట్లో ఒకటి ఉండేది. లక్ష్మి వస్తుందని మా అవ్వ నమ్మకం. అప్పటికే చట్టం ఉంది గానీ మా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. లక్ష్మి కూడా రాలేదు. 'రెండు తలల పాము' ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయని చెప్పి మన పల్లెల్లో తిరిగే దళారుల మాట కూడా ఇంతే. ఆ పాముకు ఉన్నది ఒక్క తలే, తోక మొద్దుగా ఉంటుంది, అంతే.

ఇదంతా వాడికి చెప్పాను. "తెలుసు సార్, మీ నోటితో వినాలని వచ్చాను" అన్నాడు. వ్యాపారికి కుదరదని చెప్పేశాడు.

కానీ పిల్లలు మిగిలే ఉన్నాయి గదా! వాళ్ల మేనమామ ఒక సలహా ఇచ్చాడు, "కొండ మీద వదిలేయరా, సుబ్రహ్మణ్యస్వామి చూసుకుంటాడు." చాలామంది నిజంగా ఇదే చేస్తారు. అంగడిలో రూపాయి బిళ్లంత ఉన్న ఎర్ర చెవుల తాబేలును కొని, పళ్లెమంత అయ్యాక గుడి కోనేటిలో వదిలి దండం పెట్టి వస్తారు. అది అమెరికా తాబేలు. మన తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే చోటు అన్నీ అది ఆక్రమిస్తుంది.

అప్పుడు వాడికి ఇరుళర్ల కథ చెప్పాను. మన తిరువళ్లూరు, చెంగల్పట్టు జిల్లాల్లో ఇరుళర్లు ఉన్నారు. ఒకప్పుడు పాము తోళ్లు అమ్మి బతికేవారు. చట్టం వచ్చి ఆ బతుకు పోయాక, 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. పాము కాటు మందుకు ఆ విషమే ఆధారం. వారిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించారు. ఎందుకంటే అక్కడ పెంపుడు జంతువులుగా తెచ్చిన బర్మా కొండచిలువలు తప్పించుకునీ, యజమానులు వదిలేసీ చిత్తడి అడవుల నిండా పెరిగిపోయి కుందేళ్లు, రకూన్లు కనబడకుండా చేశాయి. ఎన్ని యంత్రాలు ఉన్నా వాళ్లకు కనబడని పాములను మనవాళ్లు గడ్డిలో జాడ చూసి, మొదటి రెండు వారాల లోపే పదమూడింటిని పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. ఇగ్వానాలు కూడా ఫ్లోరిడాలో అట్లాగే కాలువ గట్లను తవ్వి పాడు చేస్తున్నాయి. 2021లో ఆ రాష్ట్రం రెంటినీ నిషేధిత జాబితాలో చేర్చింది.

వాడు పిల్లలను వదలలేదు. నమోదు కాగితాలతో సహా తొమ్మిదింటిని ఊరికే ఇచ్చేశాడు. తీసుకునేవారి ఇంటికి వెళ్లి, గూడు కొలతలు చూసి మరీ ఇచ్చాడు. ఐదేళ్ల లోపు పిల్లలు ఉన్న ఒక ఇంటికి ఇవ్వనన్నాడు. ఈ జంతువులు పైకి ఆరోగ్యంగా కనబడుతూనే సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమిని మోస్తాయి. ఆ భయంతోనే అమెరికాలో 1975 నుండి నాలుగు అంగుళాల లోపు తాబేళ్లను పెంపకానికి అమ్మడం ఆపేశారు. మిగిలిన ఐదూ వాడి మిద్దె మీదే ఉన్నాయి. మగదాన్ని వేరే గదిలో పెట్టాడు. మిక్సీ వచ్చిన ఇల్లే గదా, కరెంటు బిల్లు గురించి వాళ్లమ్మ ఇప్పుడు ఏమీ అనడం లేదు.

మగది తోడు లేకపోయినా ఆడది ఈ ఏడు కూడా గుడ్లు పెట్టింది. అవి పిల్లలు కావు. వాటిలో రెండింటిని మా తరగతిలో చూపించమని డబ్బాలో పెట్టి తెచ్చాడు. పిల్లలందరికీ చూపించి, సబ్బుతో చేతులు కడిగించాను. వెనక బెంచీ కుర్రవాడు ఒకడు చేతులు తుడుచుకుంటూ "సార్, ఒక పిల్ల ఎంతకు పోతుంది సార్?" అని అడిగాడు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా వాడిని కూర్చోబెట్టుకుని మీకు చెప్పిందంతా చెప్పాను.