వర్తకపత్రమున వర్ణములు

(మచిలీపట్టణమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు ఒసగిన ఉపన్యాసము)

   

సంస్కృతమున వర్ణశబ్దమునకు జాతి యనియు, రంగు అనియు, అక్షరమనియు అర్థములు గలవు. మొదటి యర్థమును గూర్చి ఇట్టి సభలలో పెద్దలు పలుమారు ప్రసంగించియున్నారు. నేను తక్కిన రెంటిని గూర్చియే విన్నవించెదను. మన యువకులు పెడనలో అద్దకపుబట్టలును, బందరులో రోల్డుగోల్డు నగలును, గుడివాడలో చీరలును అమ్ముచు చిన్న చిన్న వ్యాపారములు సాగించుచున్నారు. వారు మొట్టమొదట అచ్చు వేయించునది బ్రోచరు అను మడతపత్రము. బడిపంతులను గనుక తప్పులు దిద్దుటకై నాయొద్దకు తెచ్చుచు, ఏ రంగు వేయవలెను, ఏ యక్షరము వాడవలెను అని అడుగుచుందురు. అందఱికిని ఒక్కమారు చెప్పుటకు ఇది తగిన తావు.

నా యభిప్రాయము సంగ్రహముగా ఇది. పత్రము వర్తకుడిచ్చు మాట. అందలి రంగు సరకును మించి పలుకరాదు. అందలి అక్షరము చదువరి కన్నును శ్రమపెట్టరాదు.

ఈ రేవునకు ఇది క్రొత్త ధర్మము కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు ఇచ్చటికి వచ్చిరి. ఆ శతాబ్దమున కోరమండల తీరపు అద్దకములు ఓడలమీద పారసీకమునకును, ఐరోపాకును పోయినవి. దూరదేశపు కొనుగోలుదారునకు మాదిరిగుడ్డయే సాక్ష్యము. మాదిరి ఒకటి, మూట మఱియొకటి యైనచో బేరము చెడెడిది. నేటి మడతపత్రము ఆ మాదిరిగుడ్డకు వారసురాలు.

కలంకారీ పనివారి క్రమమునే గమనింపుడు. కరక్కాయరసమున నానిన గుడ్డమీద, బెల్లపునీటిలో ఇనుపముక్కలను పులియబెట్టిన ద్రవమును అచ్చుతో అద్దగా నలుపు పుట్టును. పటిక అద్దిన తావు వేళ్ల రంగునీట ఉడికినపుడు ఎఱుపెక్కును. నలుపు రూపమును నిలుపును; ఎఱుపు దానికి ప్రాణము పోయును; నీలము, పసుపు మితముగా చేరును; గుడ్డయొక్క మీగడవన్నె వానికి విశ్రాంతినిచ్చును. పత్రమునకు ఇంతకంటె మంచి పాఠము లేదు. చదువవలసిన మాటలన్నియు నలుపుననే యుండనిండు. శీర్షికకు ఒక రంగు, అవసరమైనచో అంచునకు మఱియొక రంగు చాలును. మిగిలిన చోటు ఖాళీగా విడువుడు. ఖాళీ చోటు వృథా యని తలంచి పూలతోను, నక్షత్రములతోను నింపుట వలదు.

పెడనలో ఒక అద్దకపు కుటుంబమువారి పత్రమును నేను చూచితిని. వారి దుప్పటి ఎఱుపు ఇటుకవన్నెకు దగ్గఱగా, కన్నులకు చల్లగా నుండును. పత్రమున అదే దుప్పటి కుంకుమవలె మండుచున్నది. ఆ బొమ్మను చూచి దూరపు పట్టణమునుండి దుప్పట్లు తెప్పించుకొన్న వర్తకుడు, ఇవి వెలసిన సరకు అని మూట త్రిప్పి పంపెను. ఆ యింటివారు నెలలతరబడి చేసిన పనికి కూలి దక్కలేదు. సరకున దోషము లేదు. పత్రము పలికిన మాటయే దోషము.

ఇట్లేల జరుగును? కంప్యూటరు తెరమీద రంగులు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులతో ఏర్పడును. అచ్చుయంత్రము సామాన్యముగా నీలి, గులాబి, పసుపు, నలుపు అను నాలుగు సిరాలతో పనిచేయును. వెలుగు వేఱు, సిరా వేఱు. తెరమీద మెఱసిన ప్రతి ఛాయయు కాగితముపై రాదు. మఱియు నునుపు కాగితముపై రంగు పైన నిలుచును. ముతక కాగితము సిరాను పీల్చి రంగును మందగింపజేయును. కావున మొత్తము అచ్చునకు ముందు, వాడదలచిన కాగితముమీదనే నమూనాప్రతి తీయించి, పగటి వెలుతురున సరకు ప్రక్కన పెట్టి పోల్చి చూడుడు. రోల్డుగోల్డు వర్తకులకు ఇంకొక మాట: ఆ నాలుగు సిరాలతో బంగారపు మెఱుగు రాదు, మట్టిపసుపు వచ్చును. ప్రత్యేకమగు బంగారుసిరాకు వెల యిచ్చుకొనలేనివారు, తెల్లని నేలమీద నగ ఛాయాచిత్రమును స్వచ్ఛముగా వేయించి ఊరకుండుట మేలు.

ఇక అక్షరములు. ఇంగ్లీషునందువలె మనకు పెద్దబడి, చిన్నబడి యను భేదము లేదు. కావున ముఖ్యమగు మాటను పరిమాణముచేతను, లావుచేతను మాత్రమే ఎత్తి చూపవలెను. మన లిపిలో గుడి, ఏత్వము పైకి పోవును. వత్తులు క్రిందికి దిగును. పంక్తులను ఇఱికించినచో పైపంక్తి వత్తు క్రిందిపంక్తి గుడిని తాకును. పండ్రెండు పాయింట్ల అక్షరమునకు పదునెనిమిది పాయింట్ల పంక్తిదూర మిచ్చినచో సుఖముగా చదువవచ్చును. దకు ధకు, పకు ఫకు, డకు ఢకు భేదము ఒక్క చిన్న గీటు. అక్షరము మిక్కిలి లావై, చిన్నదైనపుడు ఆ గీటు సిరాలో మునుగును. ముదురు రంగు నేలపై తెల్లని చిన్న యక్షరములు వేసినను ఇదే గతి. దివిసీమలో ఏబది యేండ్లు దాటిన రైతు సులోచనములు లేకయే ధరను, ఫోను సంఖ్యను చదువగలుగవలెను. ఆయన కొనుగోలుదారు గదా!

మంచి యక్షరములకు ధనము వెచ్చింప నక్కఱలేదు. సిలికానాంధ్ర వారు తెలుగు అక్షరరూపములు పెక్కింటిని ఉచితముగా లోకమునకు ఒసగియున్నారు. వానిలో ఒకటి మండలి. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నిర్వహించిన దివిసీమ నాయకుడు మండలి వేంకట కృష్ణారావుగారి పేర అది వెలసినది. పాఠమునకు అది స్వచ్ఛముగా నుండును. శీర్షికకు లావైన రామభద్ర తగును. ఒక పత్రమున రెండు రూపములకు మించి వాడకుడు. యూనికోడు పద్ధతినే కోరుడు. పాత పద్ధతి అక్షరములు ఆ ఫాంటు లేని ఫోనులో అర్థములేని గుర్తులగును. కొన్ని చిత్రరచనా సాధనములలో సంయుక్తాక్షరములు విడిపోవును. క్షకారము కకారపొల్లు, షకారములుగా చీలును. అచ్చునకు ముందు చదువు వచ్చిన యొకరు పత్రమును పైకి చదువవలెను. గ్రంథమునకు తప్పొప్పుల పట్టిక చేర్పవచ్చును, మడతపత్రమునకు చేర్పలేము.

రంగును అక్షరమును కుదిరినను మాట అసత్యమైనచో అంతయు వ్యర్థము. మచిలీపట్టణపు కలంకారీ 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టముక్రింద నమోదైన పేరు. యంత్రముపై రసాయనపు రంగులతో అచ్చొత్తిన గుడ్డకు ఆ పేరు పెట్టుట, చేతిపనివాని నోటికూటిని తీయుట. యంత్రపు గుడ్డ అమ్ముట తప్పు కాదు. దానిని దాని పేరుతో అమ్ముడు.

కడపట పోషకమహాశయులకు ఒక మనవి. పేదపనివారు నమూనాప్రతి ఖర్చునకు వెనుదీసి తెరను నమ్మి మోసపోవుచున్నారు. సంఘనిధినుండి ఆ స్వల్పవ్యయమును భరించి, అక్షరజ్ఞులగు ఇద్దఱు యువకులను పత్రములు సరిచూచుటకు నియమించినచో, ఎన్నో మూటలు త్రోవలోనుండి తిరిగి రాకుండును. మన పెద్దల రంగులు ఉతుకులకు నిలిచినవి. మన పత్రములలోని మాటయు అట్లే నిలుచుగాక!