చెప్పినది చెప్పినట్లు
(ఒంటరిగా వలస వచ్చిన బాలలు తీసిన లఘుచిత్రాల ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగపాఠం)



మరికొద్దిసేపట్లో మీరు చూడబోయే చిత్రాలలో ఏదీ మూడు నిమిషాలకు మించదు. తల్లిదండ్రులు గాని, బంధువులు గాని వెంట లేకుండా బెంగళూరు చేరిన పిల్లలు వీటిని సెల్‌ఫోనుతో తీశారు. వారిలో తెలుగు మాట్లాడేవారి మాటలకు కన్నడ ఉపశీర్షికలు సమకూర్చే పని నాకు అప్పగించారు. ఆ పనిలో నేర్చుకొన్నదానిని మీతో పంచుకొంటాను.

అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుండి ఈ నగరానికి వలస కొత్త కాదు. కుటుంబంతో వచ్చేవారికి కష్టంలోనైనా ఒక తోడు ఉంటుంది. ఒంటరిగా రైలు దిగిన బిడ్డకు మొదట ఎదురయ్యేవి ప్రశ్నలు. పేరేమి, తండ్రి ఎవరు, ఏ ఊరు, ఎందుకు వచ్చావు? ఇవి అవసరమైన ప్రశ్నలే. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన 18 ఏళ్లలోపు బాలలను ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. సమితి నిర్ణయానికి ఆ వివరాలు కావాలి. అయితే పత్రంలోని గడులన్నీ నిండిన తరువాత కూడా ఆ బిడ్డ చెప్పదలచినది మిగిలే ఉంటుంది. దానికి చోటు కల్పించడమే ఈ చిత్రాల ఉద్దేశం.

వీటిలో మీకు ముఖాలు కనిపించవు. ఇటువంటి బాలల పేరు, చిరునామా, ఫొటో వంటి గుర్తింపు వివరాలను ప్రచురించరాదని ఆ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది. ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అందువల్ల పిల్లలు చేతులను, నీడలను, గుమ్మం ముందరి చెప్పులను చిత్రించారు. గొంతును బట్టి గుర్తుపట్టే వీలున్నచోట ఒకరి మాటలను మరొకరు చదివారు.

ఒక బాలుడు తన చిత్రానికి నేను వ్రాసిన ఉపశీర్షికలను తెలుగులో తిరిగి చెప్పమని అడిగాడు. అతని మాట ఇది: “ఇంటికాడ నన్నెవరూ పొమ్మనలేదు. నేనే వచ్చినా.” నేను వ్రాసినది: “పేదరికం కారణంగా ఇల్లు విడిచాను.” అది విని అతడు, “నేనట్ల చెప్పలేదు గదా సార్” అన్నాడు.

నివేదికలు అనువదించడానికి అలవాటుపడిన చేయి నాది. కారణాన్ని నేనే ఊహించి అతని నోట పెట్టాను. ఇంటివారిపై నింద పడకూడదన్న ఆ బిడ్డ జాగ్రత్త నా వాక్యంలో మాయమైపోయింది. సిగ్గుపడి సరిదిద్దాను. ఆనాటి నుండి ప్రతి వాక్యాన్నీ చెప్పినవారికి వినిపించి, వారు సరేనన్న తరువాతనే ఖాయం చేశాము. తమ చిత్రం ప్రదర్శించవద్దన్న వారి చిత్రాలను తొలగించాము; ఎందుకని అడగలేదు.

మీరా నాయర్ 1988లో ‘సలాం బాంబే!’ చిత్రాన్ని వీధి బాలలకు ముందుగా శిక్షణ ఇచ్చి తీశారు. ఆ చిత్రం ఫలంగా సలాం బాలక్ ట్రస్టు ఏర్పడింది. అందులో ప్రధాన పాత్రకు జాతీయ పురస్కారం పొందిన షఫీక్ సయ్యద్ తరువాతి కాలంలో మన బెంగళూరులోనే ఆటో నడిపారు. ఆ వృత్తిని నేను తక్కువ చేయడం లేదు. చప్పట్లు ఆగిన తరువాత గడపవలసిన జీవితం సుదీర్ఘమైనదని మాత్రమే గుర్తుచేస్తున్నాను. బస, చదువు, వృత్తి శిక్షణ ముందు కావాలి. చిత్రం వాటికి తోడుగా నిలవాలేగాని వాటి స్థానాన్ని ఆక్రమించరాదు.

మీకు రెండు విన్నపాలు. ఒంటరిగా తిరుగుతున్న బిడ్డ కనబడితే ఫొటో తీయకండి; 1098కు ఫోన్ చేయండి. తెలుగు, కన్నడం రెండూ తెలిసినవారు వారానికి రెండు గంటలు కేటాయించి మాతో కూర్చోండి. పిల్లల యాసను దిద్దకుండా వినగలిగితే చాలు.

ఇక వారి మాటలే వినండి.