బొమ్మ పేజీ దాటితే ఏం చేయాలి?

విద్యార్థులారా! మీ ప్రాజెక్టు రిపోర్టును లేటెక్‌లో కూర్చారు. తీరా చూస్తే బొమ్మ పేజీ కుడి అంచు దాటిపోయింది. కారణం ఏమిటో ఆలోచిద్దాం.

డిజిటల్ ఫోటోకు సొంతంగా అంగుళాల కొలత ఉండదు, పిక్సెళ్లే ఉంటాయి. అడ్డంగా 1200 పిక్సెళ్లున్న బొమ్మను అంగుళానికి 300 చొప్పున పరిస్తే 4 అంగుళాలు వస్తుంది. ఫైలులో ఆ లెక్క లేకపోతే పీడీఎఫ్‌లేటెక్ మామూలుగా 72 చొప్పున తీసుకుంటుంది. అప్పుడు బొమ్మ 16 అంగుళాలు దాటుతుంది. ఏ4 కాగితం వెడల్పేమో 8.27 అంగుళాలే!

పరిష్కారం సులభం. గ్రాఫిక్స్‌ఎక్స్ ప్యాకేజీ చేర్చి, ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్ ఆదేశంలో వెడల్పును టెక్స్ట్‌విడ్త్‌లో 0.8 వంతుగా ఇవ్వండి. ఎత్తు ఇవ్వనవసరం లేదు. నిష్పత్తి ప్రకారం అదే సర్దుకుంటుంది. రెండూ ఇష్టం వచ్చినట్లు ఇస్తే వృత్తం కాస్తా దీర్ఘవృత్తం అవుతుంది.

మరొక్క ముఖ్యమైన మాట. సూక్ష్మదర్శినిలో తీసిన చిత్రం కింద '400 రెట్లు' అని రాసి, తరువాత బొమ్మను కుదిస్తే ఆ మాట అబద్ధమవుతుంది. అందుకే కొలత గీతను బొమ్మ లోపలే గీయండి. బొమ్మ పెరిగినా, తగ్గినా గీత కూడా దానితోపాటే మారుతుంది. చదివేవారికి సరైన కొలతే అందుతుంది.