తప్పును చూచి కూలిపోరాదు
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)

ఈ సంవత్సరము మన కంప్యూటరు గదిలో జరిగిన చిన్న సంగతి నొకదానిని మీకు విన్నవింపదలచితిని. మన పూర్వ విద్యార్థి యొకరు పిల్లల అభ్యాసమునకై చిన్న కంపైలరు నొకదానిని వ్రాసి యిచ్చిరి. తొమ్మిదవ తరగతి బాలు డొకడు దానితో వడ్డీ లెక్క చేయబోయి, చివరి పంక్తిలో బ్రాకెట్టు తెరచి మూయుట మరచెను. తప్పు చూపవలసిన కంపైలరు తానే కూలిపోయెను. యంత్రము చెడినదని బాలుడు ఏడ్చెను. నేనును విచారింపకయే వానిని మందలించితిని.

పూర్వ విద్యార్థి వచ్చి చూచి, "అయ్యా, తప్పు వానిది కాదు, నాది" అనిరి.

కంపైలరు మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియు ఆజ్ఞలుగా మార్చును. అందు పార్సరు అను భాగము, మనము వాక్యమున కర్త, కర్మ, క్రియలను గుర్తించునట్లు, వ్రాతలోని పొందికను పరీక్షించును. ఆ పార్సరు, మూయు బ్రాకెట్టు తప్పక వచ్చునని నమ్మి, వ్రాత ముగిసిన పిమ్మటను చదువబోయి కూలినది.

ఆయన దానిని ఇట్లు సరిచేసిరి. ప్రతి గుర్తును చదువుటకు ముందు, వ్రాత ముగిసినదా అని చూడవలెను. కావలసినది లేనిచో, ఏ పంక్తిలో ఏమి లోపించెనో చెప్పవలెను. నడుమ తప్పు దొరకినచో, వాక్యాంతము వరకు దాటి, మిగిలినది చదువవలెను. కడపట, బాలుని తప్పు వ్రాతను చెరిపివేయక పరీక్షలలో చేర్చిరి. కంపైలరును మార్చినపుడెల్ల, మొదట దానిని ఇచ్చి చూతురు.

ఇది ఒక్క మన కంపైలరు లోపము కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున బార్టన్ మిల్లరు, ఆయన సహచరులు యూనిక్స్ ఉపకరణములకు అర్థములేని అక్షరములనిచ్చి పరీక్షించిరి. ప్రతి యూనిక్స్ రూపమునను నాల్గవ వంతు మొదలు మూడవ వంతు వరకు కూలినవని 1990లో ప్రకటించిరి. ఒప్పును మాత్రమే ఎదురుచూచిన ప్రోగ్రాము తప్పు నెదుట నిలువజాలదు.

మన బిడ్డలు ఇంట తెలుగు, వీధిలో కన్నడము పలుకుదురు. తెలుగు వ్యాసమున 'బడి' అనుటకు 'శాలె' అని వ్రాయుదురు. అపుడు మనము కోపింపవచ్చునా? ఆ పదమును చూపి, సరియైనది చెప్పి, మిగిలిన వ్యాసమును తుదివరకు చదువవలెను.

బాలుడు మరునాడు అదే ప్రోగ్రామును నడిపెను. ఏడవ పంక్తిలో బ్రాకెట్టు మూయలేదని కంపైలరు చెప్పెను. వాడు మూసెను, లెక్క తేలెను. వానిని మందలించినందులకు ఈ సభలో నా పొరపాటు నొప్పుకొనుచున్నాను.